అధివృక్క గ్రంథి కణాల్లో జన్యువులపై హార్మోన్ల నియంత్రణ

అధివృక్క గ్రంథులు మూత్రపిండాల పైకొనల మీద ఉండే రెండు చిన్న గ్రంథులు. వాడుకలో వీటిని ఎడ్రినల్ గ్రంథులంటారు. పెద్దవారిలో ఒక్కో గ్రంథి బరువు సుమారు 4–5 గ్రాములు. వెలుపలి భాగం వల్కలం, లోపలిది దవ్వ. వల్కలంలో మూడు పొరలున్నాయి. పై పొర ఒంట్లో ఉప్పును, రక్తపోటును కాపాడే ఆల్డోస్టిరాన్‌ను, నడిమి పొర కార్టిసాల్‌ను, లోపలి పొర పురుష హార్మోన్లకు ముడిరూపాలైన డీహెచ్‌ఈఏ వంటివాటిని తయారుచేస్తాయి. దవ్వలో ఎడ్రినలిన్ పుడుతుంది. ఈ కణాలన్నిటిలోనూ ఉన్న డీఎన్‌ఏ ఒక్కటే. అందులో ఏ జన్యువు పనిచేయాలో, ఎప్పుడు ఎంత పనిచేయాలో చాలావరకు బయటినుంచి వచ్చే హార్మోన్లే నిర్ణయిస్తాయి.

ఏసీటీహెచ్, కార్టిసాల్

నడిమి పొరకు ఆజ్ఞ పీయూష గ్రంథి నుంచి వస్తుంది. ఆ హార్మోను పేరు ఏసీటీహెచ్. అది 39 అమైనో ఆమ్లాల గొలుసు. అది కణంలోపలికి పోలేదు. కణత్వచం మీదున్న ఎంసీ2ఆర్ అనే గ్రాహకానికి అతుక్కుంటుంది. ఎంఆర్ఏపీ అనే సహాయక ప్రోటీను తోడు లేకపోతే ఆ గ్రాహకం కణం ఉపరితలానికే చేరదు. ఈ రెండింటిలో ఏ ఒక్కదాని జన్యువు చెడినా బిడ్డకు కార్టిసాల్ కరువవుతుంది. రక్తంలో చక్కెర పడిపోతుంది. ఏసీటీహెచ్ విపరీతంగా పెరిగి ఒళ్లు నల్లబడుతుంది.

గ్రాహకం కదిలినప్పుడు లోపల ఏటీపీ నుంచి సైక్లిక్ ఏఎంపీ తయారవుతుంది. దీన్ని కనుగొన్నందుకు, హార్మోన్లు పనిచేసే తీరును వివరించినందుకు ఎర్ల్ సదర్లాండ్‌కు 1971లో నోబెల్ వచ్చింది. దానికి మూలమైన ఏటీపీని 1929లో జర్మనీలో లోమన్ గుర్తించారు, ఆయనతో సంబంధం లేకుండా హార్వర్డ్‌లో ఫిస్కే, మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు కలిసి గుర్తించారన్నది తెలుగువారు గుర్తుంచుకోదగ్గ సంగతి. సైక్లిక్ ఏఎంపీ ప్రోటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైమును మేల్కొలుపుతుంది. ఆ ఎంజైము సీఆర్ఈబీ వంటి ప్రోటీన్లకు ఫాస్ఫేటును తగిలిస్తుంది. అవి కేంద్రకంలో జన్యువుల ముందుండే ప్రమోటర్ భాగాల మీద పనిచేసి వాటిని నడిపిస్తాయి. వీటితో కలిసి పనిచేసే ఎస్ఎఫ్-1 అనే ప్రోటీను ఈ గ్రంథికి ప్రాణం లాంటిది. దాని జన్యువును తొలగించిన ఎలుకపిల్లల్లో అధివృక్క గ్రంథులే ఏర్పడలేదు.

కార్టిసాల్ నిల్వ ఉండే సరుకు కాదు, అడిగినప్పుడల్లా కొత్తగా తయారుకావాలి. అందుకే స్పందన రెండు దశల్లో సాగుతుంది. మొదటి నిమిషాల్లో స్టార్ అనే ప్రోటీను కొలెస్టరాల్‌ను మైటోకాండ్రియా లోపలి పొరకు చేరుస్తుంది. ముడిసరుకు అక్కడికి చేరడమే అసలు అవరోధం. ఆ తర్వాత గంటల తరబడి కొలెస్టరాల్‌ను మెట్టుమెట్టుగా కార్టిసాల్‌గా మార్చే ఎంజైముల జన్యువులు జోరందుకుంటాయి.

పై పొర, ఒక అరుదైన జబ్బు

ఆల్డోస్టిరాన్ విషయంలో ముఖ్య ఆజ్ఞలు వేరు. రక్తపరిమాణం తగ్గినప్పుడు పెరిగే యాంజియోటెన్సిన్-2, రక్తంలో పెరిగే పొటాషియం కణంలో కాల్షియంను పెంచుతాయి. ఆ కాల్షియం సీవైపీ11బీ2 అనే జన్యువును నడిపిస్తుంది. కార్టిసాల్ తయారీలో చివరి మెట్టు సీవైపీ11బీ1ది. ఈ రెండు జన్యువులూ 8వ క్రోమోజోము మీద పక్కపక్కనే ఉంటాయి. 90 శాతానికి పైగా పోలిక ఉన్నా, ప్రమోటర్లు వేరు కాబట్టి వినే ఆజ్ఞలూ వేరు.

ఈ మాటకు రుజువు ఒక వంశపారంపర్య రక్తపోటు. కొన్ని కుటుంబాల్లో పక్కనున్న ఈ రెండు జన్యువులు అడ్డదిడ్డంగా అతుక్కుని, సీవైపీ11బీ1 ప్రమోటరుకు సీవైపీ11బీ2 ఎంజైము భాగం వచ్చి చేరుతుంది. దాంతో ఆల్డోస్టిరాన్ తయారీ ఏసీటీహెచ్ చేతిలోకి పోతుంది. చిన్న వయసులోనే రక్తపోటు, కొందరిలో మెదడులో రక్తస్రావం వస్తాయి. కొద్ది మోతాదులో డెక్సామెథాసోన్ అనే స్టిరాయిడ్ మందు ఇస్తే ఏసీటీహెచ్ అణగి, ఆల్డోస్టిరాన్ తగ్గుతుంది. ఈ కలగలుపు జన్యువును రిచర్డ్ లిఫ్టన్ బృందం 1992లో బయటపెట్టింది. ఎంజైము చెడలేదు, దాన్ని నడిపే ప్రమోటరు మారింది, అంతే. జన్యు నియంత్రణ ఎంత కీలకమో ఇంతకంటే స్పష్టంగా చూపే జబ్బులు అరుదు.

దవ్వలో కార్టిసాల్ పని

వల్కలం నుంచి కార్టిసాల్ నిండిన రక్తం నేరుగా దవ్వలోకి వస్తుంది. కొవ్వులో కరిగే స్టిరాయిడ్ కాబట్టి కార్టిసాల్ కణత్వచాన్ని దాటి, లోపలి గ్రాహకంతో కలిసి కేంద్రకానికి చేరుతుంది. అక్కడ నారెడ్రినలిన్‌ను ఎడ్రినలిన్‌గా మార్చే పీఎన్ఎంటీ ఎంజైము తయారీని పెంచుతుంది. పీయూష గ్రంథి తీసేసిన ఎలుకల్లో ఈ ఎంజైము తగ్గిందని, ఏసీటీహెచ్ గానీ డెక్సామెథాసోన్ గానీ ఇస్తే తిరిగి పెరిగిందని వుర్ట్‌మన్, ఆక్సెల్‌రాడ్ అనే శాస్త్రవేత్తలు 1960ల నడుమ చూపారు.

స్టిరాయిడ్ మందులు, గ్రంథి నిద్ర

కార్టిసాల్ పీయూష గ్రంథికి చేరి, ఏసీటీహెచ్‌కు మూలమైన పీఓఎంసీ జన్యువును అణచివేస్తుంది. అవసరం తీరాక తయారీ తగ్గేందుకు శరీరం చేసుకున్న ఏర్పాటు ఇది. నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ వంటి స్టిరాయిడ్ మాత్రలు వాడితే ఇదే ఏర్పాటు బెడిసికొడుతుంది. ఏసీటీహెచ్ రాక నడిమి పొర జన్యువులు మందగించి, ఆ పొర కుంచించుకుపోతుంది. పై పొర యాంజియోటెన్సిన్ మాట వింటుంది కాబట్టి చాలావరకు నిలుస్తుంది. ఈ స్థితిలో మాత్రలు ఒక్కసారిగా మానేస్తే ఒంట్లో కార్టిసాల్ తయారుకాక ప్రాణం మీదికి రావచ్చు. గ్రంథి కోలుకోవడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. స్టిరాయిడ్ మాత్రలు కొంతకాలంగా వాడుతున్నవారు వాటిని సొంతంగా ఆపకూడదు. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారమే మోతాదు తగ్గించుకుంటూ రావాలి.