వైద్యుడి ఇల్లు ఎక్కడ?

మన కథల్లో, నవలల్లో వైద్యుడు ఎక్కువగా రెండు రూపాల్లోనే కనిపిస్తాడు. ఒకడు ఫీజు ముట్టని దేవుడు. రెండోవాడు ప్రాణం పోతున్నా డబ్బు కట్టందే చెయ్యి వెయ్యని కసాయి. ఈ ఇద్దరి మధ్యా ఉన్న మనిషి చదువుకు డబ్బెక్కడిది, అతను ఏ ఊళ్లో కాపురం పెట్టాడు, ఎందుకు పెట్టాడు అన్న ప్రశ్నలు మనం తరచుగా వెయ్యలేదు. స్వయంగా వైద్యురాలైన పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’ ఇందుకు మినహాయింపు. అందులో వైద్య విద్యార్థి ప్రకాశం స్వభావాన్ని అతని అద్దె గది నుంచి, పెద్దల మీద ఆధారపడ్డ చదువు నుంచి విడదీసి అర్థం చేసుకోలేం. తక్కినచోట్ల వైద్యుని మంచిచెడ్డలు గాలిలోంచి ఊడిపడ్డట్టు చిత్రించాం. నిజానికి వాటికొక చరిత్ర ఉంది.

వలస పాలనలో పాశ్చాత్య వైద్యం చదివినవారు రెండు అంతస్తులుగా ఉండేవారు. పైన ఎం.బి.బి.ఎస్. పట్టభద్రులు, కింద తక్కువ కాలం చదివిన ఎల్.ఎం.పి.లు. 1946 నాటి భోర్ కమిటీ నివేదిక లెక్కన బ్రిటిష్ ఇండియాలో వైద్యులు సుమారు 47,500 మంది. వారిలో 30,000 మంది దాకా కింది అంతస్తువారే. మద్రాసు ప్రెసిడెన్సీలో 1920లలో పానగల్ రాజా మంత్రివర్గం ఒక పద్ధతి పెట్టింది. పల్లెలో స్థిరపడే వైద్యుడికి ప్రభుత్వం ఏటా కొంత సొమ్ము ఇస్తుంది. అతను బీదలకు ఉచితంగా వైద్యం చేసి, కలిగినవారి దగ్గర ఫీజు పుచ్చుకోవచ్చు. అంటే వైద్యుణ్ణి పల్లెలో నిలపడానికి సేవాధర్మం ఒక్కటే చాలదని, ఎంత కొద్దిదైనా ఆదాయ హామీ కావాలని ఆనాటి పాలకులకే తెలుసు. అయితే కలిగినవారి ఫీజు మీద బతికే వైద్యుడు కూలివాడకు ఎంత దగ్గరవుతాడన్నది వేరే ప్రశ్న.

భోర్ కమిటీ రెండు మాటలు చెప్పింది. కింది అంతస్తు చదువు ఎత్తివేసి దేశానికంతటికీ ఒకే స్థాయి వైద్యుణ్ణి తయారుచెయ్యాలన్నది మొదటిది. దీనికి కొందరు సభ్యులు అసమ్మతి తెలిపారు. ప్రభుత్వ వైద్యుడు పూర్తికాలపు జీతగాడుగా ఉండాలని, ప్రైవేటు ప్రాక్టీసు కూడదన్నది రెండోది. స్వతంత్ర భారత పాలకవర్గం మొదటి మాటను అమలుచేసి, రెండోదాన్ని సగంలో వదిలింది. కర్నూలులో 1956లో, కాకినాడలో 1958లో, వరంగల్లులో 1959లో వైద్య కళాశాలలు వెలిశాయి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు డాక్టరు పోస్టులు మంజూరయ్యాయి. ఉండదగిన క్వార్టరు, పిల్లలకు మంచి బడి మాత్రం చాలాచోట్ల మంజూరు కాలేదు. ఫలితం, పక్క పట్నం నుంచి పొద్దున బస్సు దిగి సాయంత్రం బస్సెక్కే డాక్టరు.

ఆ పట్నంలో అతను కట్టుకున్న ఇల్లే ఒక చారిత్రక పత్రం. విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో కింద నర్సింగ్ హోం, పైన కాపురం. దానికి పెట్టుబడి తండ్రి అమ్మిన పొలం, మామ ఇచ్చిన కట్నం, బ్యాంకు అప్పు. ఆ మేడ వడ్డీ రోగి బిల్లులోకి ఎక్కక తప్పదు. చదువే సరుకైనాక ఈ లెక్క మరింత ముదిరింది. కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1983లో చట్టం చేసింది. ఆ చట్టం కూడా వివాదమైన ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు 1993లో సీట్లను ఉచితమనీ, చెల్లింపు సీట్లనీ విడదీసింది, 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో ఆ ఏర్పాటునూ పక్కన పెట్టింది. కొనుక్కున్న చదువు పెట్టిన డబ్బు రాబట్టుకోవాలని చూస్తుంది. ఇది నీతిశాస్త్రం కాదు, అర్థశాస్త్రం.

మరో దారి లేదా? నెల్లూరులో పుచ్చలపల్లి రామచంద్రారెడ్డి నడిపిన ప్రజావైద్యశాల ఉంది. తక్కువ ఖర్చుతో వైద్యం చెయ్యడమే కాక, పల్లెల్లో పనిచేసే వైద్య కార్యకర్తలకు అది శిక్షణ ఇచ్చింది. దాని వెనుక ఉన్నది ఒక దయగల మనిషి మాత్రమే కాదు, ఒక ఉద్యమం.

1983లో మద్రాసులో అపోలో ఆస్పత్రి తెరుచుకున్నాక వైద్యంలోకి పెద్ద పెట్టుబడి దిగింది. మేడమీద కాపురమున్న చిన్న యజమాని క్రమంగా జీతగాడవుతున్నాడు. ఇక కొత్తగా చదివి వచ్చేవారి స్థితి చూడండి. 2024 జూన్‌లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగినప్పుడు నెలనెలా స్టైపెండు, హాస్టల్ వసతి వారి కోర్కెల్లో ఉన్నాయి. అదే ఏడాది ఆగస్టు 9న కోల్‌కతా ఆర్.జి. కర్ వైద్య కళాశాలలో, రాత్రి డ్యూటీ మధ్య సెమినార్ హాలులో విశ్రమించిన యువ వైద్యురాలు అత్యాచారానికి, హత్యకు గురైంది. దేశానికి వైద్యం చేసే మనిషికి తలుపు గడియ వేసుకుని ఒరగడానికి ఒక గది లేకపోయింది.

కనుక వైద్యుణ్ణి పూజించడమూ, తిట్టడమూ రెండూ తేలిక పనులే. రెండింటిలోనూ వ్యవస్థ తప్పించుకుపోతుంది. అతని అప్పు పత్రం, ఇంటి అద్దె, నిద్రలేని రాత్రి, వాటితోపాటు ఆ భారమంతా చివరకు మోసే రోగి తాకట్టు పెట్టిన పుస్తెలతాడు — ఇవన్నీ ఒకే కథలోకి రావాలి. ఆ కథ రాయవలసింది మనమే.