పెనుకొండ సీమలో వాతావరణ పరిశీలన: జలశాసనం నుంచి ధ్రువపు మంచు వరకు

పెనుకొండ సీమ వాతావరణ చరిత్రకు క్రీ.శ. 1388 నాటి ఒక శాసనం విలువైన సాక్ష్యం. పెనుకొండలో ఉన్న ప్రతాప బుక్కరాయలు హెన్నె నదిని, అనగా నేటి పెన్నను, ఆ పట్టణానికి రప్పించవలసిందిగా జలసూత్ర నిపుణుడైన సింగాయభట్టును ఆదేశించాడు. కల్లుడి నుంచి సిరువెర చెరువుకు కాలువ తవ్వించి దానికి రాయల పేరే పెట్టారు. ఈ శాసనాన్ని నీటిపారుదల చరిత్రలో భాగంగా చదవడం పరిపాటి. కాని వాన మీద భరోసా లేనిచోటనే దూరపు నదిని మళ్లించే ఆలోచన పుడుతుంది. ఆ దృష్టితో చూస్తే ఇది వర్షాభావాన్ని నమోదు చేసిన పత్రం కూడా. హిందూపురం వైపు నుంచి ప్రవేశించే పెన్న, ధర్మవరం చెరువుకు ఆధారమైన చిత్రావతి రెండూ నంది కొండల ప్రాంతంలో పుట్టినవే. ఈ సీమ నీటి లెక్క సీమ వెలుపలే మొదలవుతుంది.

ఉమ్మడి అనంతపురం జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మి.మీ. జైసల్మేర్ తర్వాత దేశంలో అతి తక్కువ వాన కురిసే జిల్లా ఇదేనన్న మాట పత్రికలలోను, ప్రసంగాలలోను తరచు వినిపిస్తుంది. బాడ్మేర్, బికనేర్, లేహ్ లెక్కల ముందు ఆ మాట నిలవదు. అసలు చిక్కు వాన మొత్తంలో కంటె అది కురిసే వేళల్లో ఉంది. వేరుశనగ ఊడలు దిగే దశలో మూడు వారాలు బెట్ట పడితే, ఏడాది సగటు రైతుకు ఏ ఊరటా ఇవ్వదు.

1876–78 నాటి ధాత కరువు వచ్చేనాటికి ఈ తాలూకాలు బళ్లారి జిల్లాలోనివి. అనంతపురం జిల్లా 1882లో గాని ఏర్పడలేదు. కరువుకు ఏడాది ముందు, 1875లో, భారత వాతావరణ శాఖ ఆరంభమైంది. దాని తొలి అధిపతి బ్లాన్‌ఫర్డ్ కరువుకు కారణాన్ని వెతుకుతూ హిమాలయాల వైపు చూశాడు. అక్కడ మంచు అధికంగా పేరుకున్న ఏడు రుతుపవనాలు మందగిస్తాయని 1884లో ప్రతిపాదించాడు. 1886లో వెలువడిన తొలి రుతుపవన సూచనకు ఆధారం ఇదే. బళ్లారి, పెనుకొండల ఆకలికి దూరపు మంచులో కారణం వెతకడం ఆనాడు వింతగానే తోచి ఉండాలి. 1976లో హాన్, శుక్లాలు ఇదే సంబంధాన్ని యురేషియా హిమావరణానికి విస్తరించి పరిశీలించారు.

ధ్రువ ప్రాంతానికి భారతీయ పరిశోధకులు వెళ్లడాన్ని ఈ వరుసలోనే చూడవలసి ఉంటుంది. 2007 ఆగస్టులో తొలి ఆర్కిటిక్ యాత్ర జరిగింది. 2008 జూలై 1న స్వాల్‌బార్డ్ దీవులలోని నీ-ఆలెసుండ్‌లో ‘హిమాద్రి’ కేంద్రం ప్రారంభమైంది. హైదరాబాదులోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు ఆ హిమానీనదాల బాక్టీరియాను అధ్యయనం చేశారు. వేసవిలో నాచు, పొట్టి మొక్కలు మాత్రమే కనిపించే ఆ టండ్రా నేల గడ్డకట్టిన పొరను కోల్పోతే, అందులో నిలవ ఉన్న కర్బనం గాలిలో కలుస్తుంది. అక్కడి మంచుపై వాలే మసి సూర్యరశ్మిని పీల్చి కరుగుదలను వేగిరపరుస్తుంది.

ఆ మసినే, మరొక కొసన, అనంతపురం శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగపు పరిశోధక విద్యార్థులు కొలుస్తున్నారు. ఈ ప్రయోగశాల ఇస్రో నడిపే వాయుధూళి పరిశీలనా జాలంలో భాగం. యంత్రం గాలిని వడపోత పట్టీ గుండా పీలుస్తుంది. పట్టీ ఎంత నల్లబడితే గాలిలో అంత మసి. ఉదయం, సాయంత్రం మసి పెరుగుతుంది. మధ్యాహ్నం నేలకు దగ్గరి గాలిపొర పైకి విస్తరించడంతో పలచబడుతుంది. చలికాలంలో అధికం, వానల్లో అల్పం. ఫలితం క్లుప్తమే. దానికి కావలసినది మాత్రం సంవత్సరాల తరబడి తెంపులేని నమోదు. పర్యటనల వార్తలకు దక్కే ప్రచారం ఈ ఓపికకు దక్కదు.

అయితే ఆ లెక్క ఒక ప్రాంగణానిది. హిందూపురం చెంత తూముకుంట పారిశ్రామికవాడ ఉంది. పెనుకొండ వద్ద ఎర్రమంచిలో 2019లో కార్ల ఉత్పత్తి మొదలై రహదారిపై రద్దీ పెరిగింది. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాగా వేరుపడిన ఈ పట్టణాల గాలికి అనంతపురం అంకెలను యథాతథంగా అన్వయించడం కుదరదు. ఎర్రమంచిలోను, ధర్మవరం చెరువుగట్టు మీద కూడ అటువంటి యంత్రాలను ఏళ్ల తరబడి నడపవలసి ఉంటుంది.