డారియో పెగొరెట్టి

డారియో పెగొరెట్టి (1956 - 2018 ఆగష్టు 23) ఇటలీ దేశానికి చెందిన సైకిలు ఫ్రేముల నిర్మాత. తొక్కేవారి శరీర కొలతలను బట్టి ఉక్కు గొట్టాలతో ఒక్కొక్క ఫ్రేమును చేతితో తయారుచేయటంలో ప్రపంచ ప్రసిద్ధి పొందాడు. పందెపు సైకిళ్ళ రంగం ముందు అల్యూమినియం వైపు, ఆ తరువాత కార్బన్ ఫైబరు వైపు మళ్ళిపోయిన కాలంలో కూడా ఉక్కును విడిచిపెట్టని కొద్దిమందిలో ఈయన ముఖ్యుడు.

వృత్తి జీవితం

పెగొరెట్టి 1970వ దశకంలో వెరోనా నగరంలో లుయిజీనో మిలాని అనే నిర్మాత వద్ద పని నేర్చుకున్నాడు. మిలాని తరువాత ఈయనకు మామగారు అయ్యాడు. ఆనాడు ఇటలీలో పెద్ద సైకిలు కంపెనీలు తమ జట్లలోని ప్రముఖ క్రీడాకారులకు కావలసిన ఫ్రేములను ఇటువంటి చిన్న పనిశాలలలో చేయించి, వాటిపై తమ పేరు వేసుకొనేవి. ఆ విధంగా మిగెల్ ఇందురైన్, మార్కో పంతాని వంటి విజేతల కొరకు పెగొరెట్టి ఫ్రేములు చేశాడు. విజేత పేరు, కంపెనీ పేరు లోకానికి తెలిసేవి. చేసిన చేతుల పేరు తెలిసేది కాదు.

1990వ దశకంలో ఈయన తన సొంత పేరుతో ఫ్రేములు చేయటం మొదలుపెట్టాడు. ట్రెంటినో ప్రాంతంలోని కాల్డొనాజ్జో గ్రామంలో చాలా సంవత్సరాలు ఈయన పనిశాల ఉండేది. చివరి సంవత్సరాలలో అది వెరోనాకు మారింది.

నిర్మాణ పద్ధతి

సైకిలు ఫ్రేములో ఉక్కు గొట్టాలను కలపటానికి ముఖ్యంగా రెండు పద్ధతులు ఉన్నాయి.

పాత పద్ధతిలో గొట్టాల చివరలను లగ్గులు అనే తొడుగులలో అమర్చి, ఇత్తడిని గాని వెండి మిశ్రమాన్ని గాని కరిగించి అతుకుతారు. ఇక్కడ ఉక్కు కరగదు, అతుకులోహం మాత్రమే కరుగుతుంది.

టిగ్ వెల్డింగులో లగ్గులు ఉండవు. ఆర్గాన్ వాయువు రక్షణలో, టంగ్‌స్టన్ కడ్డీ నుండి వచ్చే విద్యుత్ మంటతో గొట్టాలనే నేరుగా కరిగించి కలుపుతారు. లగ్గు కొలతకు కట్టుబడనవసరం లేదు కనుక లావుపాటి గొట్టాలను కోరిన కోణంలో కలపవచ్చును. ఇటలీలో ఈ పద్ధతిని ముందుగా చేపట్టిన వారిలో పెగొరెట్టి ఒకడు.

మేలురకం గొట్టాలు అతుకు పడే చివరలలో మందంగాను, బరువు తగ్గించటానికి మధ్యలో పలుచగాను ఉంటాయి. పలుచని చోట మందం అర మిల్లీమీటరుకు అటూఇటుగా ఉంటుంది. వేడి ఎక్కువైతే గొట్టం వంకర పోతుంది, తక్కువైతే అతుకు నిలువదు. ఈ తూకమే పనివాని నైపుణ్యం.

నమూనాలు, రంగులు

ఈయన సంగీతప్రియుడు. "బిగ్ లెగ్ ఎమ్మా" అనే నమూనాకు ఫ్రాంక్ జాపా పాట పేరును, "డే ఈజ్ డన్" అనే నమూనాకు నిక్ డ్రేక్ పాట పేరును పెట్టాడు. లగ్గులతో చేసిన ఒక నమూనాకు "లుయిజీనో" అని తన గురువు పేరు పెట్టాడు. పేరు లేకుండా పనిచేసిన వ్యక్తి తన గురువు పేరును ఇలా నిలపటం గమనింపదగినది. "చవేతె" అనే రంగుల పథకాన్ని కోరుకున్నవారికి రంగు ఎంచుకొనే హక్కు ఉండేది కాదు. నిర్మాత ఆనాటి మనసుకు తోచినది వేసేవాడు.

అనారోగ్యం, మరణం

2007లో ఈయనకు లింఫోమా అనే క్యాన్సరు ఉన్నట్లు తేలింది. చికిత్స పొంది కోలుకొని తిరిగి పనిలో చేరాడు. 2018 ఆగష్టు 23న గుండెపోటుతో మరణించాడు. అప్పటికి ఈయన వయసు 62 సంవత్సరాలు. ఆ తరువాత సహచరులు పనిశాలను కొనసాగించారు.

ప్రాముఖ్యత

టూర్ ద ఫ్రాన్స్ పందెంలో ఉక్కు సైకిలుపై వచ్చిన చివరి విజయం 1994లో ఇందురైన్ సాధించినదని సాధారణంగా చెబుతారు. పందెం నుండి తప్పుకున్నా ఉక్కు ఫ్రేముకు ఆదరణ పోలేదు. దెబ్బతిన్న గొట్టాన్ని తీసివేసి క్రొత్తది అతికే వీలుంది. తొక్కేవారి కొలతకు ఒక్క ఫ్రేమును మాత్రమే చేయటానికి అచ్చులు అవసరం లేదు. ఈ పని కేవలం గతకాలపు జ్ఞాపకంగా మిగలకుండా, సజీవమైన వృత్తిగా నిలవటంలో పెగొరెట్టి పాత్ర పెద్దది.