కరిసల్ నేలపై వెలుగు బాట

కోవిల్‌పట్టి, విరుదునగర ప్రాంతములలో ఇంట తెలుగు, వీధిలో అరవము మాటలాడు కుటుంబములు నేటికిని పెక్కు కలవు. విజయనగర, మధుర నాయక రాజుల కాలములందు మన పూర్వులు వచ్చి ఈ నల్లరేగడిని దున్నుకొనిరి. ఎండవేళ ఈ నేలపై గాలి అలలవలె ఆడుట, దూరపు గోపురము వణకినట్లగపడుట మనవారెరిగినదే. ఆ వణకునకును ఒక చరిత్ర కలదు.

1799 అక్టోబరు 16న కయత్తారులో వీరపాండ్య కట్టబొమ్మనను కుంపిణీవారు ఉరితీసిరి. ఆయన ఇంటి భాషయు తెలుగే. పాళెగాండ్ర కోటలు కూలిన కొలది యేండ్లకే కుంపిణీ కొలతగాండ్రు ఈ దిక్కునకు వచ్చిరి. 1802లో మదరాసున కొలత ప్రారంభించిన విలియం లాంబ్టన్ 1809 నాటికి కన్యాకుమారి సమీపమునకు చేరెను. ఒక ఎత్తున జెండా నిలిపి, మరియొక ఎత్తునుండి థియోడలైటుతో దానిని చూచి కోణము గుణించుట వారి పని. కాని వేడెక్కిన గాలి కిరణమును క్షణక్షణము వంచుచుండుటచే జెండా నిలుకడగ కనబడదు. 1830 తరువాత జార్జి ఎవరెస్టు పగలు అద్దముతో సూర్యకాంతిని, రాత్రి దీపములను వాడెను. అయినను గాలి కుదుటపడు వేళకై కాచుకొనవలసినదే.

కాచుకొనక, వంకరవోయిన కాంతిని అప్పటికప్పుడు సరిదిద్దవచ్చునని 1953లో అమెరికా ఖగోళజ్ఞుడు హొరేసు బాబ్‌కాక్ సూచించెను. అదియే అడాప్టివ్ ఆప్టిక్స్. ఒక పరికరము వంకరను కొలుచును. సన్నని అద్దము సెకనుకు వందల మారులు తన రూపు మార్చుకొని దానిని సవరించును. 2021 డిసెంబరులో నాసా పంపిన లేజరు వార్తా పరికరమునుండి వచ్చు కాంతిని కాలిఫోర్నియా కొండపై ఇట్లే సరిదిద్ది అందుకొనిరి.

అద్దము చేయుటకు ముందే కంప్యూటరులో దానిని పరీక్షింతురు. గాలిని కొన్ని ముడతల తెరలుగ భావించి, ఆ ముడతల తీరును కొల్మొగొరోవు 1941లో చెప్పిన సూత్రముచే గుణించి, లేజరును ఒక్కొక్క తెరగుండ నడిపింతురు. అద్దము ఎంత వేగముగ కదలవలెనో, దానిని ఎన్నిచోట్ల వంచవలెనో అప్పుడు తేలును.

ఈ గణనకు కొండపై వేధశాల అక్కరలేదు. గణితము, ఓపిక, ఒక కంప్యూటరు చాలును. కోవిల్‌పట్టిలో 1984 నుండి ఇంజనీరింగు కళాశాలయు కలదు. నాడు మన పొలములమీది గాలిగుండ పరులు చూచి, మన నేలను తమ పటములకెక్కించుకొనిరి. ఆ గాలి లెక్కను ఇక మన బిడ్డలే కట్టవలెనని ఈ ఉగాదినాడు మేము కోరుచున్నాము.