ఉపాధ్యాయ శిక్షణలో సామాజిక వెబ్ ఉపకరణాలు

ఉపాధ్యాయులు తాము నేర్చుకొనుటకు, తోటివారికి నేర్పుటకు, తరగతిలో బోధించుటకు ఉపయోగించే వికీలు, బ్లాగులు, యూట్యూబు, వాట్సాప్ బృందాల వంటి వాటిని సామాజిక వెబ్ ఉపకరణాలు అంటారు. వీటిలో చదివేవారే రాసేవారు కూడా కావచ్చును. సాధారణ వెబ్‌సైటుకు, వీటికి గల ముఖ్యమైన తేడా ఇదే. మొదటి వికీని 1995లో అమెరికాకు చెందిన వార్డ్ కన్నింగ్‌హామ్ ప్రారంభించాడు. ఈ వ్యాసంలో పత్తి, మిరప పండే పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల మైదాన ప్రాంతపు పాఠశాలలను ప్రధానంగా దృష్టిలో ఉంచుకోవడమైనది. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో ఈ ప్రాంతంలో పల్నాడు, బాపట్ల జిల్లాలు కొత్తగా ఏర్పడ్డాయి.

పూర్వరంగం

ఉపాధ్యాయులు ఒకరి నుండి ఒకరు నేర్చుకోవడం వెబ్‌తో మొదలైనది కాదు. బ్రిటిషు ప్రభుత్వ సహాయంతో 1980, 90 దశకాలలో అమలు జరిగిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (అప్పెప్) చుట్టుపక్కల పాఠశాలలన్నిటికీ కలిపి ఉపాధ్యాయ కేంద్రాలను ఏర్పరచింది. అట్టముక్కలు, గింజలు, పుల్లలతో తాము తయారుచేసిన బోధనోపకరణాలను ఉపాధ్యాయులు అక్కడ ఒకరికొకరు చూపుకొనేవారు. 1986 జాతీయ విద్యావిధానం ఫలితంగా జిల్లా విద్యా శిక్షణ సంస్థలు (డైట్) వచ్చాయి. గుంటూరు జిల్లాకు బోయపాలెంలోను, ప్రకాశం జిల్లాకు మైనంపాడులోను ఇవి నెలకొన్నాయి. అయితే బోయపాలెంలో ఒకరు చేసిన మంచి చార్టు మైనంపాడు దాకా చేరే దారి ఆనాడు లేదు. వికీ తీర్చగలిగిన లోటు సరిగ్గా ఇదే.

తెలుగు టైపు సమస్య

యూనికోడ్ ప్రమాణంలో 1991లోనే తెలుగుకు చోటు దొరికింది. కాని ప్రశ్నపత్రాలు, కరపత్రాలు డీటీపీ కేంద్రాలలో అను ఫాంట్లతోనే తయారయ్యేవి. ఆ పాఠాన్ని తెచ్చి వెబ్‌లో అతికిస్తే అర్థంకాని గుర్తులు ప్రత్యక్షమయ్యేవి. ఇంగ్లీషు అక్షరాలు నొక్కితే తెలుగు అక్షరాలు వచ్చే పద్మ, లేఖిని వంటి ఉపకరణాలు 2000ల దశకంలో ఈ చిక్కును చాలావరకు విడదీశాయి. 2017 ఆగస్టులో గూగుల్ తెలుగు మాటలను విని రాసే సౌకర్యాన్ని కల్పించింది. ఎన్నడూ కీబోర్డు ముట్టని పెద్ద వయసు ఉపాధ్యాయులకు ఇది పెద్ద ఊరట. ఒత్తులు, దీర్ఘాలు మాత్రం మనమే సరిచూసుకోవాలి.

వికీ రచన ద్వారా శిక్షణ

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. దానిని ప్రారంభించిన వెన్న నాగార్జున పద్మ రూపకర్త కూడా. కామన్వెల్త్ ఆఫ్ లెర్నింగ్ సంస్థ 2006లో వికీఎడ్యుకేటర్‌ను నెలకొల్పి, 2008 నుండి ఉపాధ్యాయులకు ఉచిత శిక్షణ ఇచ్చింది. శిక్షణ పొందినవారు ఒక పాఠాన్ని అందరికీ ఉచితంగా అందేటట్లు రాసి ఇవ్వాలన్నది అక్కడి ఒప్పందం. ఈ పద్ధతిలోని కీలకం ఇదే: వినడంతో కాదు, ఒకటి తయారుచేసి నలుగురి ముందు పెట్టడంతోనే ఉపకరణం వంటబడుతుంది. కృష్ణకు ఆవలి ఒడ్డున విజయవాడలో ఆంధ్ర లొయోల కళాశాల, బెంగళూరులోని సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ సహకారంతో 2010ల దశకం మధ్యలో తెలుగు వికీ రచనను చేపట్టింది.

కొత్తగా చేరిన ఉపాధ్యాయుడు తన గ్రామం పేజీతో మొదలుపెట్టడం మేలు. ఎరిగిన ఊరు కనుక తప్పొప్పులు తెలుస్తాయి. ఎరిగినదైనా ఆధారం చూపాలని కూడా తెలిసివస్తుంది. గైడు పుస్తకాల నుండి ఎత్తిరాయడం చెల్లదు. ఏళ్ళ తరబడి పిల్లల నోటుపుస్తకాలను ఎర్రసిరాతో దిద్దినవారు తమ వాక్యాన్ని ఎవరో తెలియని కుర్రవాడు దిద్దితే మొదట నొచ్చుకొనడం సహజం. చర్చా పేజీలో కారణం అడిగి, జవాబు చదివిన తరువాత ఆ నొప్పి తగ్గుతుంది.

బోధనకు సామగ్రి ఊరిలోనే ఉంటుంది. మాఘ, ఫాల్గుణ మాసాలలో కల్లంలో ఆరబోసిన మిరపకాయలను ఫొటో తీసి వికీమీడియా కామన్స్‌లో చేర్చవచ్చును. పండుమిరప ఎండేసరికి తూకం సుమారు మూడో వంతుకో నాలుగో వంతుకో తగ్గుతుంది. పిల్లల చేత తూకం వేయించి శాతాలు కట్టిస్తే గణితపాఠం, సామాన్యశాస్త్ర పాఠం ఒకేసారి నడుస్తాయి. పిల్లల ముఖాలు కనిపించే ఫొటోలను మాత్రం బహిరంగంగా పెట్టరాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మైనర్ల విషయంలో తల్లిదండ్రుల సమ్మతిని కోరుతున్నది.

ప్రభుత్వ వేదికలు

కేంద్రప్రభుత్వపు దీక్ష వేదికను 2017 సెప్టెంబరు 5న నాటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించారు. 2019 ఆగస్టులో మొదలైన నిష్ఠ శిక్షణ కరోనా కారణంగా 2020 అక్టోబరు నుండి దీక్ష ద్వారా ఆన్‌లైన్‌లో సాగింది. లక్షలమందికి ఒకేసారి శిక్షణ అందించడం చిన్న విషయం కాదు. కాని ఇందులో ఉపాధ్యాయుడు ఎక్కువగా చూసేవాడు, ధ్రువపత్రం దిగుమతి చేసుకొనేవాడు, రాసేవాడు కాదు. వాట్సాప్ బృందాలదీ అదే దారి. పాఠాల ముచ్చట కన్నా పంపవలసిన పట్టికలు, ఆదేశాలే వాటిలో ఎక్కువ. పైగా అక్కడ పెట్టిన మంచి పాఠం వారం తిరిగేసరికి అడుగున పడిపోతుంది, వెదికినా దొరకదు. వికీలో అయితే పాత కూర్పులతో సహా నిలిచి ఉంటుంది.

వలస పిల్లలు

మిరపకోతల కాలంలో కర్నూలు జిల్లా పడమటి మండలాల నుండి కూలి కుటుంబాలు పిల్లలతో సహా ఈ మైదానానికి వస్తాయి. కోతలు ముగిసేవరకు ఆ పిల్లల చదువు రెండు ఊళ్ళకూ చెందకుండా పోతుంది. వాట్సాప్ నిజంగా అక్కరకు రాగలిగినది ఇక్కడే. సొంత ఊరి ఉపాధ్యాయుడు పిల్లవాడు ఎంతవరకు చదివాడో, ఏ లెక్క దగ్గర ఆగాడో నాలుగు మాటలు చెప్పి, నోటుపుస్తకం పుట ఒకటి ఫొటో తీసి పంపితే కోతల ఊరి ఉపాధ్యాయుడు అక్కడి నుండే అందుకోగలడు. దీనికి ఇద్దరి వద్ద రెండు ఫోన్లు చాలును. పిల్లవాని ఇంట ఫోను ఉండనక్కరలేదు. 2020లో బడులు మూతపడినపుడు ఫోను లేని ఇళ్ళ కోసమే దూరదర్శన్ సప్తగిరి ద్వారా విద్యావారధి పాఠాలు ప్రసారమయ్యాయి. పొలం గట్టున గుడారం వేసుకొన్న కుటుంబానికి టీవీ కూడా ఉండదు.