మందునకు లొంగని దోమ

చలిజ్వరము మన పూర్వులకు క్రొత్త కాదు. చెడుగాలి వలననో, చెడునీటి వలననో అది కలుగునని వారు తలచిరి. ఆ జ్వరమునకును దోమకును గల సంబంధము మన తెలుగునేల మీదనే, సికింద్రాబాదులో బయటపడినది. 1897 ఆగస్టు 20వ తేదీన రోనాల్డ్ రాస్ అనాఫలిస్ జాతి దోమ కడుపుగోడలో మలేరియా పరాన్నజీవిని చూచెను. శత్రువెవరో ఆనాడు తెలిసినది. తగిన ఆయుధము దొరకుటకు మరి నాలుగు దశాబ్దములు పట్టినది.

ఆ ఆయుధము డి.డి.టి. 1874లోనే తయారై మూలబడియున్న ఈ పదార్థమునకు కీటకములను చంపు గుణము కలదని 1939లో స్విట్జర్లాండున పాల్ ముల్లర్ కనుగొనెను. 1948లో నోబెల్ బహుమానము నందెను. మనుష్యుని కుట్టిన దోమ కడుపు బరువుతో దగ్గరి గోడపై వ్రాలును. గోడపై చల్లిన డి.డి.టి. నెలల తరబడి నిలుచును. పరాన్నజీవి దోమ ఒడలిలో ఎదుగుటకు సుమారు పది, పన్నెండు దినములు కావలెను; అంతలో దోమ చచ్చినచో రోగము మరియొకరికి సోకదు. ఉద్యమమంతయు ఈ లెక్క మీదనే నిలిచినది.

మన దేశమున 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమము ఆరంభమైనది. అప్పటికి ఏటా ఏడున్నర కోట్ల మంది ఈ జ్వరము పాలగుచుండిరనియు, 8 లక్షల మంది మరణించుచుండిరనియు అంచనా. 1958లో అది నిర్మూలన కార్యక్రమముగా మారినది. 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు 1 లక్షకు దిగినది. మన చరిత్రలో ఇట్టి విజయములు అరుదు.

కాని హెచ్చరిక అంతకు ముందే వినబడినది. 1946లో స్వీడనులో డి.డి.టి.కి చావని ఇంటియీగలు కనబడినవి. 1951లో గ్రీసున మలేరియాదోమయే ఎదురు తిరిగినది. మన పల్లెలలో ఈ రోగమును వ్యాపింపజేయుటలో ముఖ్యమైనది అనాఫలిస్ క్యులిసిఫేసిస్ అను దోమ. 1950వ దశాబ్దము ముగియకమునుపే నాటి బొంబాయి రాష్ట్రములోని గుజరాతు ప్రాంతమున అదియు డి.డి.టి.కి లొంగకుండుట గమనింపబడినది.

దోమ మందునకు అలవాటు పడినదని లోకమున అనుకొందురు. ఆ మాట సరికాదు. ఏ దోమయు తన జీవితకాలమున ఈ విద్య నేర్చుకొనలేదు. లక్షల దోమలలో ఏ కొన్నింటికో పుట్టుకతోనే ఒక భేదముండును. కొన్నింటి నరములలో మందు పనిచేయు తావు కొంచెము మారియుండును. మరికొన్నింటి ఒడలిలో మందును విరుగగొట్టు ఎన్‌జైములు అధికముగా నుండును. మందు చల్లినపుడు తక్కినవి చచ్చి ఇవి మిగులును. వీని సంతతియే తరువాతి వానలకు ఊరు నిండును. రక్తబీజుని కథలో ప్రతి రక్తబిందువు నుండియు ఒక రాక్షసుడు లేచెను. ఇచ్చట మన ఆయుధము తాకలేనివారి సంతానమే లేచుచున్నది. సైన్యమును ఏరి ఇచ్చినది మనమే.

నాటి నిపుణులు ఇది ఎరుగనివారు కారు. 1955లో మెక్సికో నగరమున సమావేశమైన ప్రపంచ ఆరోగ్య సభ ప్రపంచవ్యాప్త నిర్మూలనకు తీర్మానించుటకు ఒక కారణము ఈ భయమే. దోమ గెలువకమునుపే రోగమును తుడిచివేయవలెనని వారి తొందర. కొన్ని దేశములలో ఆ పందెము నెగ్గినది. మన దేశమున నెగ్గలేదు. 1976లో రోగుల సంఖ్య తిరిగి 64 లక్షలు దాటినది. నింద అంతయు దోమ మీద వేయుట న్యాయము కాదు. మందు సకాలమున అందకపోవుట, రోగము తగ్గగానే జాగ్రత్త సడలుట, గోడలపై మందు చల్లనీయక ఇంటివారు అభ్యంతరపెట్టుట, ఇవన్నియు తోడైనవి.

డి.డి.టి. తరువాత బి.హెచ్.సి., పిమ్మట మలాథియాన్ వచ్చినవి. 1970వ దశాబ్దములోనే గుజరాతున మలాథియానునకును చావని దోమలు కనబడినవి. తరువాత దోమతెరలకు పట్టించు పైరెత్రాయిడ్లు వచ్చినవి. ఇవి నరములలో డి.డి.టి. తాకు తావునే తాకును. కనుక పాత మందు ఏరి నిలిపిన దోమలలో కొన్ని క్రొత్త మందునకును ముందుగానే సిద్ధమై యుండెను. పైరుపురుగులకై పొలములలో చల్లిన మందులును, నీటిలో పెరుగు దోమపిల్లలను తాకి, ఈ పనికే తోడ్పడినవి. మన దేశమున 1989లో వ్యవసాయమునకు డి.డి.టి. వాడుక నిషేధింపబడినది.

2030 నాటికి మలేరియాను తొలగింపవలెనని 2016లో మన దేశము సంకల్పించినది. ఆ సంకల్పము నెరవేరుటకు మందు యొక్క పదును ఊరందరి ఉమ్మడి ఆస్తి అని మనము గుర్తింపవలెను. చెరువునీటి వలె దానిని పొదుపుగా వాడుకొనవలెను: ఒకే మందును ఏండ్ల తరబడి వాడక మార్చి మార్చి వాడుట, దోమలను పరీక్షించి మందును ఎన్నుకొనుట, చల్లినచోట తగిన మోతాదున చల్లుట. డి.డి.టి. రాకకు ముందే మన మునిసిపాలిటీలు చేసిన పని మరియొకటి కలదు: మురుగు తీయుట, గుంటలు పూడ్చుట, బావులలో దోమపిల్లలను తిను గంబూసియా చేపలను వదలుట. నిలువనీరే లేనిచోట పుట్టుటకు ఏ దోమయు ఇంతవరకు నేర్వలేదు.