చర్మవ్యాధి ఉన్న తల్లి – చనుబాలు

తల్లికి చర్మవ్యాధి ఉన్నంత మాత్రాన బిడ్డకు పాలు మాన్పించనక్కరలేదు. సోరియాసిస్, ఎగ్జిమా, బొల్లి అంటువ్యాధులు కావు. పాల వల్ల గానీ, ఒళ్లో పడుకోబెట్టుకోవడం వల్ల గానీ అవి బిడ్డకు రావు. వీటిలో కొంత వంశపారంపర్యం ఉన్న మాట నిజమే. అయితే అది బిడ్డ కడుపులో పడ్డప్పుడే తేలిపోయే సంగతి, పాలు మాన్పించినా మారదు. పుట్టిన గంటలోపు పాలు పట్టించాలని, ఆరు నెలలు తల్లిపాలే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాట ఈ తల్లులకూ వర్తిస్తుంది. డాక్టరు ముఖ్యంగా చూడవలసినవి రెండు: బిడ్డ నోరు తగిలేచోట అంటుకునే పుండు ఉందా, తల్లి వాడే మందు బిడ్డ కడుపులోకి ఎంత పోతుంది?

చనుమొన మీద ఎగ్జిమా

దురద, ఎర్రదనం, రసి కారడం, పగుళ్లు దీని లక్షణాలు. బిడ్డ చీకే రాపిడి, సబ్బు, డెట్టాల్ లాంటి ద్రావణాలు, లానోలిన్ క్రీములు, తడిసిన బ్రెస్ట్ ప్యాడ్లు దీన్ని రేపుతాయి. అన్నం మొదలైన బిడ్డ నోట్లో మిగిలిన మెతుకు కూడా కొందరికి పడదు. ప్రతిసారీ సబ్బుతో కడిగితేనే శుభ్రమనే నమ్మకం మన ఇళ్లలో బలంగా ఉంది, కానీ ఈ జబ్బుకు అదే ఎక్కువ చేటు. మామూలు నీళ్లు చాలు.

తక్కువ లేదా మధ్యస్థ శక్తిగల స్టెరాయిడ్ క్రీమును బిడ్డ తాగిన వెంటనే పలచగా రాసి, మళ్లీ పట్టేముందు మెత్తని తడిగుడ్డతో తుడిచేయాలి. నూనె జిడ్డుగా ఉండే ఆయింట్‌మెంటు కంటే నీళ్లలో కలిసిపోయే క్రీము మేలు, ఎందుకంటే పారాఫిన్ బిడ్డ నోట్లోకి పోకూడదు. చనుమొనకు రాసిన ఒక స్టెరాయిడ్ వల్ల రెండు నెలల బిడ్డకు రక్తపోటు విపరీతంగా పెరిగి, ఎదుగుదల కుంటుపడిన ఉదంతం వైద్య సాహిత్యంలో ఉంది. తామరకని మందుల దుకాణాల్లో అడిగి తెచ్చుకునే కలగలుపు ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటసాల్ అనే అతి శక్తిమంతమైన స్టెరాయిడ్ ఉంటుంది. పాలిచ్చే తల్లి దాన్ని రొమ్ముకు రాయకూడదు.

సోరియాసిస్

గర్భంతో ఉన్నప్పుడు చాలామందికి తగ్గి, కాన్పు తర్వాత మళ్లీ తిరగబెడుతుంది. చర్మానికి రాపిడి కలిగినచోట కొత్త మచ్చలు లేవడం ఈ జబ్బు స్వభావం కాబట్టి, బిడ్డ చీకే చనుమొన మీదా రావచ్చు. బిడ్డ రొమ్మును సరిగా పట్టుకునేలా సర్దితే ఆ రాపిడి తగ్గుతుంది. పాలిచ్చేటప్పుడు మెథోట్రెక్సేట్, అసిట్రెటిన్ మాత్రలు వాడకూడదు. కాంతి చికిత్స చేయించుకోవచ్చు. అడాలిముమాబ్, సెర్టోలిజుమాబ్ ఇంజెక్షన్లు పాలలోకి చాలా తక్కువగా వస్తాయి. కాబట్టి ఏదైనా మందుకు పాలు మాన్పించాలని చెబితే, దానికి బదులు మరొకటి ఉందా అని డాక్టరును అడగడం తల్లి హక్కు.

అంటుకునే జబ్బులు

రొమ్ము మీద హెర్పిస్ సింప్లెక్స్ పొక్కులుంటే అవి మానేదాకా ఆ వైపు పాలు పట్టకూడదు. పుండుకు తగిలిన పాలను పారబోయాలి, అయితే పాలు ఎండిపోకుండా పిండుతూనే ఉండాలి. రెండో వైపు బాగుంటే, పుండును కప్పి, చేతులు కడుక్కుని పట్టవచ్చు. పురిటి బిడ్డకు ఈ వైరస్ ప్రాణాంతకం కాగలదు. పెదవి మీద పొక్కులున్న బంధువులు బిడ్డను ముద్దాడకూడదన్నదీ అందుకే. అక్కి రొమ్ము మీదికి వచ్చినా ఇదే పద్ధతి. ఎర్రమట్టి పూయించి ఊరుకుంటే సరిపోదు.

ఆటలమ్మ కాన్పుకు 5 రోజుల ముందు మొదలుకొని 2 రోజుల తర్వాతి లోపు కనిపిస్తే బిడ్డకు ముప్పు ఎక్కువ, తల్లి ఒంట్లో తయారయ్యే ప్రతిరక్షకాలు (యాంటీబాడీలు) బిడ్డకు అందే వ్యవధి ఉండదు గనుక. అప్పుడు తల్లీబిడ్డలను విడిగా ఉంచి, బిడ్డకు ఇమ్యూనోగ్లోబులిన్ ఇస్తారు. రొమ్ము మీద పొక్కులు లేకపోతే పిండిన పాలు ఇంకొకరు పట్టవచ్చు.

గజ్జికి తల్లిని బిడ్డ నుంచి వేరుచేయడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఒళ్లో ఉన్న బిడ్డకు అప్పటికే సోకి ఉండవచ్చు. 5 శాతం పెర్మెత్రిన్ రాసుకున్న తల్లి, పాలు పట్టేముందు చనుమొనను కడిగి, తర్వాత మళ్లీ రాసుకోవాలి. ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోకపోతే జబ్బు తిరిగి వస్తుంది. రెండు నెలలు నిండని బిడ్డకు మందు డాక్టరే నిర్ణయించాలి.

కుష్ఠు మాటెత్తగానే బిడ్డను దూరం చేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. అది తప్పు. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే బహుళ ఔషధ చికిత్స మొదలుపెట్టిన తల్లి పాలివ్వవచ్చు. అందులోని క్లోఫాజిమిన్ వల్ల పాలకు, బిడ్డ ఒంటికి ఎర్రటి ఛాయ రావచ్చు. మందు ఆపాక క్రమంగా పోతుంది. అందులోనిదే అయిన డాప్సోన్ వల్ల, జి6పిడి అనే ఎంజైము లోపం ఉన్న బిడ్డకు రక్తకణాలు విరిగే ప్రమాదం ఉంది కాబట్టి బిడ్డ పాలిపోయినా, పచ్చబడినా వెంటనే చూపించాలి.

ఎగ్జిమా కానిది

ఒక్క వైపే, చనుమొన కొన నుంచి మొదలై చుట్టూ పాకుతూ, చికిత్సకు రెండు మూడు వారాల్లో లొంగని పొలుసుల పుండు పేజెట్ వ్యాధి కావచ్చు. 1874లో జేమ్స్ పేజెట్ వర్ణించిన ఇది రొమ్ము క్యాన్సర్‌లో ఒక రూపం. పాలిచ్చే వయసులో అరుదే అయినా, అలాంటి పుండుకు బయాప్సీ వాయిదా వేయకూడదు.